కడలికి కట్టుబాటు: తీర వనరుల రక్షణలో మత్స్యకార సమాజాల పాత్ర

సముద్రంలోని చేపకు రెండు లక్షణాలున్నాయి. ఒకరు పట్టుకున్న చేప మరొకరికి దక్కదు. అయినా మరెవరూ వేటకు రాకుండా సముద్రం చుట్టూ కంచె వేయడం ఎవరి తరమూ కాదు. ఈ రెండు లక్షణాలూ కలిసి ఉన్న సంపదను అర్థశాస్త్రంలో ఉమ్మడి వనరు అంటారు. పచ్చిక బయలు, అడవి, భూగర్భజలం కూడా ఈ కోవలోకే వస్తాయి గానీ, వీటన్నిటిలోనూ కాపలా కాయడానికి అత్యంత కష్టమైనది సముద్రమే. చేప ఒకచోట నిలవదు, నీటి మీద గీసిన హద్దు కంటికి కనిపించదు, లోపల సంపద ఎంత ఉన్నదో, ఎంత తరిగిపోయిందో ఒడ్డున నిలబడి చెప్పడం సాధ్యం కాదు. అందువల్ల తీర వనరులు తరతరాలకు నిలవాలంటే చేప జీవితచక్రాన్ని ఎంత బాగా తెలుసుకోవాలో, వేట నియమాలను ఎవరు చేయాలి, ఎవరు కాపలా కాయాలి, తప్పినవారిని ఎవరు దండించాలి అన్న పాలనా ప్రశ్నలకు కూడా అంత స్పష్టంగా సమాధానం వెతకవలసి ఉంటుంది.

1968లో అమెరికన్ జీవశాస్త్రవేత్త గారెట్ హార్డిన్ ‘సైన్స్’ పత్రికలో ప్రచురించిన ఒక వ్యాసం ఈ చర్చను చాలాకాలం శాసించింది. అందరికీ ప్రవేశమున్న పచ్చిక బయలులో ప్రతి కాపరీ తన లాభం కోసం మరొక పశువును, ఆపై ఇంకొకదాన్ని చేర్చుకుంటూ పోతాడనీ, చివరికి బయలే నశిస్తుందనీ ఆయన వాదించి, దానిని ‘ఉమ్మడి వనరుల విషాదం’ అన్నాడు. దీనికి విరుగుడు ఆ వనరును ప్రభుత్వం తన చేతుల్లోకి తీసుకోవడమో, ప్రైవేటు ఆస్తిగా పంచివేయడమో తప్ప మరొకటి లేదన్న అభిప్రాయం ఆ తరువాత బలపడింది. అయితే హార్డిన్ ఊహించిన బయలుకు నియమాలు లేవు, ఆ కాపరులకు ఒకరితో ఒకరు మాట్లాడుకునే అవకాశమూ లేదు. నిజమైన ఊళ్ళు అలా ఉండవు. తెలుగు పల్లెల్లో చెరువు నీటిని ఆసామి ఇష్టానికి వదిలివేయకుండా, ఊరు నియమించుకున్న నీరటికాడు వంతుల ప్రకారం తూములు తెరచి మళ్ళకు పంచినట్లే, ప్రపంచంలోని అనేక తీరగ్రామాల్లో మత్స్యకారులు సముద్రాన్ని వంతులు వేసుకుని, హద్దులు పెట్టుకుని, వేటకు విరామాలు ప్రకటించుకుని కాపాడుకుంటూ వచ్చారు.

ఈ అనుభవాలను శాస్త్రీయంగా పరిశీలించి, హార్డిన్ చెప్పిన రెండు దారులకు తోడు మూడో దారి ఉన్నదని నిరూపించిన రాజనీతి శాస్త్రవేత్త ఎలినార్ ఆస్ట్రోమ్. 1990లో వెలువడిన తన గ్రంథంలో ఆమె వివరించిన ఉదాహరణల్లో తుర్కియే దేశపు అలన్యా రేవు ఒకటి. అక్కడ మంచి చేపలు దొరికే చోట్ల కోసం మత్స్యకారుల మధ్య తగాదాలు ముదిరిన తరువాత, 1970ల తొలినాళ్ళలో స్థానిక సహకార సంఘం ఒక ఏర్పాటు చేసింది. ప్రతి సెప్టెంబరులో అర్హులైన మత్స్యకారుల జాబితా తయారుచేస్తారు. ఒకరి వల మరొకరి వలకు అడ్డు రానంత దూరంలో ఉన్న వేట స్థలాలన్నిటికీ పేర్లు పెట్టి, వాటిని చీటీలు తీసి పంచుతారు. సెప్టెంబరు నుంచి జనవరి వరకు ప్రతి మత్స్యకారుడూ రోజుకొక స్థలం చొప్పున తూర్పుకు జరుగుతాడు, జనవరి నుంచి మే వరకు అదే విధంగా పడమరకు జరుగుతాడు. దీనివల్ల వలస చేపల దారిలోని మంచి చోట్లు అందరికీ సమానంగా అందుతాయి. ఆ రోజు తనకు దక్కవలసిన చోట మరొకడు వల వేస్తే అసలు హక్కుదారే ముందుగా గమనిస్తాడు కాబట్టి వేరే కాపలాదారు అవసరమూ ఉండదు. ఇటువంటి పరిశోధనలకు గాను 2009లో అర్థశాస్త్రంలో నోబెల్ పురస్కారం అందుకున్న ఆస్ట్రోమ్, ఆ రంగంలో ఆ గౌరవం పొందిన తొలి మహిళ.

పులికాట్‌లో వంతుల వేట

అలన్యాను పోలిన ఏర్పాటు తెలుగువారికి చాలా సమీపంలోనే ఉన్నది. ఆంధ్రప్రదేశ్, తమిళనాడు రాష్ట్రాల మధ్య విస్తరించిన పులికాట్, చిలికా తరువాత దేశంలో రెండో అతిపెద్ద ఉప్పునీటి సరస్సు. సముద్రంలో పుట్టిన రొయ్య పిల్లలు పోటుతో పాటు మొగ ద్వారా సరస్సులోకి వచ్చి, అక్కడి తక్కువ ఉప్పదనంలో పెరిగి, ఎదిగిన తరువాత ఆటు నీటితో కలిసి తిరిగి సముద్రానికి బయలుదేరుతాయి. ఈ ప్రయాణంలో అవన్నీ ఇరుకైన మొగ దగ్గరే దాటవలసి ఉంటుంది కాబట్టి ఆ కొద్దిపాటి నీటిపట్టులో వల కట్టినవాడికి దొరికే రొయ్య, సరస్సు నడుమ వల వేసినవాడికి దొరకదు. హక్కుల వ్యవస్థ లేకపోతే అక్కడ ఏటా ఘర్షణ తప్పదు.

తమిళనాడు వైపున సముద్ర మత్స్యకారులైన పట్టణవర్ కులస్థుల గ్రామాలు ఇందుకోసం ‘పాడు’ అనే పద్ధతిని అనుసరిస్తున్నాయి. మొగ సమీపంలోని రొయ్యల వేట స్థలాలను గుర్తించి, వాటిలో వల వేసే హక్కును అర్హత గల గ్రామాలకు, ఆ గ్రామాల్లో ఊరి పంచాయతీ గుర్తించిన కుటుంబాలకు వంతులవారీగా, చీటీల ద్వారా కేటాయించడం దీని సారాంశం. ఏ వల వాడాలో, ఎప్పుడు వేయాలో కూడా గ్రామమే నిర్ణయిస్తుంది. వంతు తప్పి వల వేసినవారికి జరిమానా పడుతుంది. కేరళలో కొచ్చి ప్రాంతపు ఉప్పుటేటిలో, ఆటు నీటికి అడ్డంగా గుంజలకు వలలు కట్టే మత్స్యకార సంఘాల్లోనూ ఇదే పేరుతో ఇటువంటి పద్ధతి ఉన్నది. ఒక స్థలంలో పనిచేసే వలల సంఖ్య పెరగకుండా ఆపడం వల్ల ఈ ఏర్పాటు రొయ్యకు కొంత ఊపిరి ఇస్తుంది, మంచి చోటు అందరికీ ఎప్పుడో ఒకప్పుడు దక్కుతుందన్న భరోసా వల్ల ఊళ్ళో శాంతి నిలుపుతుంది.

అయితే ఇదే పద్ధతి సామాజిక పాలనలోని లోపాన్ని కూడా బయటపెడుతుంది. పాడు హక్కు ఒక కులానికి, అందులోనూ పురుషుడు పెద్దగా ఉన్న కుటుంబానికి పుట్టుకతో వచ్చే హక్కు. అదే సరస్సుపై ఆధారపడి చేతితో రొయ్యలు ఏరుకునే గిరిజనులకు, తరువాతి కాలంలో వేటలోకి వచ్చిన ఇతర కులాల వారికి అందులో వంతు లేదు. లోపలివారికి న్యాయంగా ఉన్న నియమం బయటివారికి అన్యాయం కావచ్చునన్న వాస్తవాన్ని, సంప్రదాయాన్ని మెచ్చుకునేవారు మరచిపోకూడదు.

అష్టముడి గుల్లలు నేర్పిన పాఠం

సంప్రదాయం లేని చోట కొత్తగా కట్టుబాటును నిర్మించుకోవచ్చునా అన్న ప్రశ్నకు కేరళలోని అష్టముడి సరస్సు సమాధానం. కొల్లం జిల్లాలోని ఈ సరస్సు అడుగున ఇసుకలో ఒక రకం చిన్న గుల్లలు పెరుగుతాయి. రెండు చిప్పల మధ్య ఉండే వాటి మెత్తని మాంసానికి 1980ల నుంచి ఆగ్నేయాసియా దేశాల్లో గిరాకీ ఏర్పడడంతో, అంతకుముందు స్థానిక వంటకే పరిమితమైన గుల్ల ఎగుమతి సరుకుగా మారింది. 1991లో సుమారు 10,000 టన్నులకు చేరిన దిగుబడి, 1993 నాటికి సగానికి పడిపోయింది. పెద్ద గుల్లలు అయిపోయి, ఇంకా గుడ్లు పెట్టని చిన్నవాటినీ ఏరివేయడమే అందుకు కారణం.

కేంద్ర సముద్ర మత్స్య పరిశోధనా సంస్థ శాస్త్రవేత్తల సలహాతో మత్స్యకారులు, జిల్లా యంత్రాంగం, వ్యాపారులు కలిసి ఆ తరువాత కొన్ని నియమాలు అమలులోకి తెచ్చారు. సంతానోత్పత్తి కాలమైన డిసెంబరు నుంచి ఫిబ్రవరి వరకు వేట నిలిపివేయడం, చిన్న గుల్లలు జారిపోయేంత పెద్ద కన్నులున్న వలసంచులనే వాడడం, యంత్రాలతో తవ్వకుండా చేతి పనిముట్లకే పరిమితం కావడం వాటిలో ముఖ్యమైనవి. మరొక నియమం ఆలోచింపజేసేది: కిలో మాంసంలో 1,400కు మించి గుల్లలు ఉంటే, అంటే ఒక్కొక్కటి మరీ చిన్నదై ఉంటే, దానిని ఎగుమతికి తీసుకోకూడదు. నీటిలో ప్రతి పడవనూ తనిఖీ చేయడం కష్టం గానీ, కొనుగోలు కేంద్రంలో కిలో మాంసం తూచి లెక్కపెట్టడం కష్టం కాదు. చిన్న గుల్లకు కొనేవాడే లేనప్పుడు ఏరేవాడూ ఉండడు. ఈ కట్టుబాటు ఫలితంగా దిగుబడి తిరిగి నిలదొక్కుకుంది. 2014లో అంతర్జాతీయ మెరైన్ స్టీవార్డ్‌షిప్ కౌన్సిల్ ఈ వేటకు సుస్థిర వేటగా ధ్రువపత్రం ఇచ్చింది. మన దేశంలో ఆ గుర్తింపు పొందిన తొలి మత్స్యపరిశ్రమ ఇదే.

ఆ తరువాతి సంవత్సరాల్లో సరస్సులో కాలుష్యం పెరగడం, విదేశాల నుంచి వచ్చి చేరిన ఒక జాతి ఆల్చిప్ప అడుగుభాగాన్ని ఆక్రమించడం వల్ల గుల్లల సంఖ్య మళ్ళీ క్షీణించింది. కేంద్ర సముద్ర మత్స్య పరిశోధనా సంస్థ శాస్త్రవేత్తలు లక్షల సంఖ్యలో గుల్ల పిల్లలను పెంచి సరస్సులో వదలవలసి వచ్చింది. వేటగాళ్ళు తమ చేతిలో ఉన్న వేటను అదుపు చేసుకోగలరు గానీ, పట్టణం నుంచి వచ్చే మురుగును అదుపు చేయలేరు. సముదాయం ఎంత శ్రద్ధగా ఉన్నా, దాని పరిధికి బయట పుట్టే నష్టాన్ని ఆపే బాధ్యత ప్రభుత్వానిదే.

హద్దు లేని ఫలం

హిందూ మహాసముద్రానికి ఆవలి వైపున, మడగాస్కర్ నైరుతి తీరంలోని అండవడోకా గ్రామం మరొక ముఖ్య విషయాన్ని తెలియజేస్తుంది. అక్కడి వెజో జాతి మత్స్యకారులు, ముఖ్యంగా స్త్రీలు, ఆటు వేళ బయటపడే పగడపు దిబ్బల మీద ఆక్టోపస్‌లను వేటాడి జీవిస్తారు. ఎగుమతుల కోసం వేట పెరిగి ఆక్టోపస్‌లు చిన్నవవుతున్నాయని గమనించిన గ్రామస్థులు, ఒక స్వచ్ఛంద సంస్థ తోడ్పాటుతో 2004 చివరిలో ఒక దిబ్బను కొన్ని నెలలపాటు వేటకు మూసివేశారు. ఆక్టోపస్ అతి వేగంగా పెరిగే జీవి కాబట్టి ఆ స్వల్ప విరామంలోనే వాటి బరువు గణనీయంగా పెరిగింది. కానీ దిబ్బ తెరచిన రోజున విరామం పాటించని పొరుగు గ్రామాల వారు కూడా పెద్ద సంఖ్యలో రావడంతో, త్యాగం ఒకరిదీ ఫలం అందరిదీ అయింది. ఈ అనుభవంతో గ్రామాలన్నీ ఒకతాటి మీదకు వచ్చి, 2006లో వెలోండ్రియాకే అనే ఉమ్మడి సంఘాన్ని ఏర్పరచుకుని, సంప్రదాయ గ్రామ శాసనమైన ‘దినా’ను చట్టపరంగా గుర్తింపజేసుకున్నాయి. ఎవరు లోపలివారో ఎవరు బయటివారో తేలని చోట ఎవరూ ఆకలిని ఓర్చుకుని వేట మానరన్నది ఇక్కడ తేలిన సత్యం.

ఈ ఉదాహరణలను కలిపి చూస్తే, ఆస్ట్రోమ్ సూత్రీకరించిన షరతుల అంతరార్థం బోధపడుతుంది. వనరుకూ, దానిని వాడుకునేవారికీ స్పష్టమైన హద్దు ఉండాలి. నియమం స్థానిక నీటి స్వభావానికి, చేప జీవితచక్రానికి సరిపోవాలి; నియమానికి లోబడేవారికి దానిని మార్చుకునే అధికారం కూడా ఉండాలి. కాపలా కాసేవారు సంఘానికి జవాబుదారులుగా ఉండాలి. శిక్ష మొదటి తప్పుకు మందలింపుతో మొదలై, పదేపదే చేస్తే పెరుగుతూ పోవాలి. తగాదాలు కోర్టులకు వెళ్ళకముందే చవకగా, త్వరగా తీరే వేదిక ఊరి దగ్గరే ఉండాలి. అన్నిటినీ మించి, తన నియమాలు తాను చేసుకునే సంఘపు హక్కును ప్రభుత్వం గుర్తించాలి.

తెలుగు తీరంలో చట్టమూ, కట్టుబాటూ

ఆంధ్రప్రదేశ్ తీరంలో ఈ రెండు పాలనలూ పక్కపక్కనే నడుస్తున్నాయి. తీరం నుంచి 12 నాటికల్ మైళ్ళ, అంటే సుమారు 22 కిలోమీటర్ల వరకు వేటను నియంత్రించే అధికారం రాష్ట్రానిది. 1994 నాటి సముద్ర చేపల వేట నియంత్రణ చట్టం కింద తీరానికి 8 కిలోమీటర్ల లోపలి నీరు సంప్రదాయ మత్స్యకారులకు ప్రత్యేకించబడింది. మరబోట్లు దానికి ఆవలే వేటాడాలి. చేపలు, రొయ్యలు గుడ్లు పెట్టే కాలంగా భావించి ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు, 61 రోజులపాటు, యంత్రాలున్న పడవల వేటను తూర్పు తీరమంతటా నిషేధిస్తున్నారు. ఆ రెండు నెలల్లో ఉపాధి కోల్పోయే కుటుంబాలకు ప్రభుత్వం భృతి చెల్లిస్తున్నది.

చట్టానికి సమాంతరంగా జాలరి, వాడబలిజ, పట్టపు, పల్లికారు తదితర మత్స్యకార కులాల గ్రామాల్లో పెద్దల పంచాయతీలు పనిచేస్తున్నాయి. దక్షిణ కోస్తాలోని పట్టపు గ్రామాల్లో ‘కాపులు’ అని పిలిచే పెద్దలు ఊరి తగాదాలు తీర్చడం, ‘దురాయి’ పేరిట కట్టుబాటు విధించడం ఇప్పటికీ ఉన్నది. ఏ రోజు వేటకు వెళ్ళకూడదో, ఒడ్డున అలివి వల లాగే వంతు ఎవరిదో, పొరుగు ఊరి పడవ తమ నీటిలోకి వస్తే ఏమి చేయాలో నిర్ణయించడంలో ఈ పంచాయతీల మాటకు, మత్స్యశాఖ ఉత్తర్వుకు లేని పలుకుబడి ఉంటుంది. అధికారికి ఒక తనిఖీ పడవ, కొద్దిమంది సిబ్బంది ఉండవచ్చు. ఊరికి మాత్రం ఒడ్డున ఉన్న ప్రతి మనిషి కన్నూ కాపలాయే.

ఈ రెండు వ్యవస్థలూ కలవనప్పుడు జరిగే నష్టానికి విశాఖపట్నం రింగు వలల వివాదం నిదర్శనం. రింగు వలను పడవ మీద నుంచి చేపల గుంపు చుట్టూ వలయంగా దించుతారు; ఆ తరువాత అడుగు అంచున కడియాల గుండా పోయే తాడును బిగించి లాగితే, సంచి మూతి కట్టినట్లు వల అడుగు మూసుకుపోయి గుంపు గుంపంతా లోపల చిక్కుతుంది. కవళ్ళు, కానాగంతల వంటి గుంపు చేపలకు ఇది లాభసాటి గానీ, తీరానికి దగ్గరగా వాడితే తెప్పల మీద, చిన్న పడవల మీద వేటాడేవారికి మిగిలేది తక్కువ. ఈ వలలను ఎంత దూరంలో వాడాలన్న విషయమై సాగిన వాదులాట 2022 జనవరిలో మత్స్యకారుల మధ్య ఘర్షణగా మారి, పడవలు తగలబెట్టేదాకా వెళ్ళింది. రెండు పక్షాలూ కష్టజీవులే, రెండింటికీ తమవైన బాధలున్నాయి. నియమం కాగితం మీద ఉండి, దానిని అందరూ కూర్చుని ఒప్పుకున్న వేదిక లేకపోవడమే ఆ మంటకు మూలం.

దీనికి భిన్నంగా, ప్రభుత్వమూ ప్రజలూ కలిసినప్పుడు వచ్చే ఫలితం కాకినాడ దగ్గరి కోరింగ మడ అడవుల్లో కనిపిస్తుంది. పోటు నీటిలో వేళ్ళూని పెరిగే మడ చెట్ల నీడలో రొయ్యలు, పీతలు, చేపల పిల్లలు తలదాచుకుంటాయి. అందుకే మడ అడవి నరికితే నష్టపోయేది వేటగాడే. ఒకప్పుడు ఇక్కడ పెద్ద ఎత్తున చెట్లు నరికిన చోట్ల నేల కుంగి పళ్ళెంలా మారింది. లోపలికి వచ్చిన పోటు నీరు బయటికి పోలేక ఎండకు ఆవిరై, ఉప్పు పేరుకుని, కొత్త మొక్క మొలవకుండా పోయింది. 1990ల చివరి నుంచి ఎం.ఎస్. స్వామినాథన్ పరిశోధనా ఫౌండేషన్, అటవీశాఖ, స్థానిక గ్రామాల సంఘాలు కలిసి అటువంటి చోట్ల చేప ముల్లు ఆకారంలో నడుమ ఒక పెద్ద కాలువ, ఇరుపక్కలా ఏటవాలుగా పిల్ల కాలువలు తవ్వాయి. నీరు వచ్చిపోవడం మొదలై ఉప్పు తగ్గాక, కాలువల గట్ల మీద మడ మొక్కలు నాటారు. కాలువలు తవ్వినది ఆ గ్రామాలవారే, నాటిన మొక్కలను పశువుల నుంచి, గొడ్డలి నుంచి కాపాడినదీ వారే.

ఎవరి మాట చెల్లాలి?

సముదాయ పాలన అంటే పాత కుల పంచాయతీకి ఉన్న అధికారాన్ని ఉన్నదున్నట్లు చట్టబద్ధం చేయడం కాదు. చేపను ఒడ్డు నుంచి సంతకు చేర్చేది, ఎండబెట్టేది, ఉప్పు పట్టించేది, ఇంటి అప్పు తీర్చేది స్త్రీలే అయినా, ఆ పంచాయతీల్లో వారికి కూర్చునే చోటు దాదాపు లేదు. కట్టుబాటు పేరిట సాంఘిక బహిష్కారం విధించడం వంటి ధోరణులు రాజ్యాంగం ముందు నిలవవు. అందువల్ల కావలసినది సహ నిర్వహణ. ప్రభుత్వమూ మత్స్యకార సంఘమూ అధికారాన్ని, బాధ్యతను పంచుకుని, శాస్త్రవేత్త లెక్కనూ వేటగాడి అనుభవాన్నీ ఒకే బల్ల మీద పెట్టి నిర్ణయాలు తీసుకునే పద్ధతి అది. జపాన్‌లో 1949 నాటి చట్టం తీరజలాల్లో వేట హక్కును స్థానిక మత్స్య సహకార సంఘాలకే అప్పగించింది. అక్కడి సురుగా అఖాతంలో చిన్న గులాబిరంగు రొయ్యను పట్టే పడవలన్నీ తమ రాబడిని ఉమ్మడి ఖాతాలో వేసి పంచుకుంటాయి. ముందుగా వెళ్ళి ఎక్కువ పట్టినవాడికి ప్రత్యేక లాభం లేనప్పుడు పోటీ వేట ఉండదు, రొయ్యలు తగ్గిన ఏడాది వేట తగ్గించుకోవడానికి అందరూ ఒప్పుకోవడం తేలికవుతుంది.

తెలుగు తీరంలో ఇందుకు అవసరమైన ముడిసరుకంతా ఉన్నది. గ్రామాలున్నాయి, సహకార సంఘాలున్నాయి, కట్టుబాటుకు విలువనిచ్చే సంస్కృతి ఉన్నది, 61 రోజుల విరామాన్ని పాటించే అలవాటూ ఏర్పడింది. లోపించినది అధికారపు పంపకం. మత్స్య సహకార సంఘం భృతి జాబితాలు రాయడానికి, రాయితీ దరఖాస్తులు నింపడానికి మాత్రమే పరిమితమైనంతకాలం అది పాలనా సంస్థ కాజాలదు. 8 కిలోమీటర్ల నీటిలో ఏ వల, ఏ కన్ను పరిమాణం, ఏ మొగ దగ్గర ఎంతకాలం విరామం అన్న నిర్ణయాలను పొరుగు గ్రామాలన్నీ కలిసిన తీర మండళ్ళకు అప్పగించి, వాటిలో స్త్రీలకు, గిరిజనులకు, చిన్న పడవల వారికి తప్పనిసరి స్థానం కల్పించి, అవి చేసిన నియమాలకు చట్టబలం ఇవ్వాలి. ప్రభుత్వం తన శక్తిని ఊరు చేయలేని పనుల మీద వినియోగించాలి. బయటి మరబోటును హద్దు దాటకుండా ఆపడం, కర్మాగారపు వ్యర్థాన్ని నిలువరించడం, రేవుల నిర్మాణంతో కోసుకుపోయే తీరాన్ని రక్షించడం అటువంటివి. పట్టుకోదగిన చేపను ఈ రోజు వదిలివేయడం పేదవాడికి చిన్న త్యాగం కాదు. రేపు ఆ చేప తన వలకే, తన బిడ్డల వలకే దక్కుతుందన్న నమ్మకం ఉంటేనే అతడా త్యాగం చేస్తాడు. ఆ నమ్మకాన్ని హక్కుగా రాసి ఇవ్వవలసినది రాజ్యం, దానిని ప్రతిరోజూ నిలబెట్టవలసినది తీరగ్రామం.